ఎనభై మూడో పేజీ

"ఇక మీరు బరువులు ఎత్తకూడదు," అన్నాడు డాక్టరు.

"ఎంత బరువు?"

"నీళ్ళ బకెట్టు కూడా వద్దు. అయినా మీరు గడియారాలు బాగుచేసే మనిషి. మీరెత్తే బరువులేముంటాయి?"

"మా అక్క," అన్నాను. "రోజుకు తొమ్మిదిసార్లు."

ఆయన కలం కింద పెట్టేశాడు. గజ్జల దగ్గర పేగు జారిందని, నెలలోగా ఆపరేషన్ చేయించుకోకపోతే అది ఎప్పుడైనా ఇరుక్కుని ప్రాణం మీదికి వస్తుందని, ఆపరేషన్ అయ్యాక కూడా ఆరు వారాలపాటు అక్కను ఎత్తే ఆలోచనే పెట్టుకోకూడదని విడమరిచి చెప్పాడు. ఆ ఆరు వారాలూ ఆవిణ్ణి ఎవరు ఎత్తుతారని అడిగాను. అది వైద్యానికి సంబంధించిన ప్రశ్న కాదన్నాడు. అంత నిజాయితీ గల డాక్టర్ని నేనింతవరకూ చూడలేదు.

అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్ద. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు. అప్పటినుంచి నాకు అమ్మా, నాన్నా, హెడ్మాస్టరూ, పోలీసూ అన్నీ ఆవిడే. ప్రభుత్వ ముద్రణాలయంలో ముప్పై నాలుగేళ్ళు ప్రూఫులు దిద్దింది. చట్టాలు, పరీక్షపేపర్లు, రైళ్ళ వేళల పట్టికలు, అన్నీ ఆవిడ ఎర్ర పెన్సిలు కిందనుంచి తలవంచుకుని వెళ్ళినవే. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, వచ్చిన సంబంధాల ఉత్తరాల్లో అన్నీ తప్పులే అనేది. నేనెందుకు చేసుకోలేదంటే, ఆవిడకు నచ్చిన పిల్లలెవరికీ నేను నచ్చలేదు.

చిన్నప్పుడు నా నోటుపుస్తకాల్ని కూడా ప్రూఫుల్లాగే దిద్దేది. రెండు మాటలు ఒకదాని చోట ఒకటి పడితే, ఒకదాని పైనుంచి ఇంకోదాని కిందికి మెలికలు తిరిగిన గీత గీసేది. దీన్ని అక్కడికి, దాన్ని ఇక్కడికి మార్చమని అర్థం. తాను తొందరపడి దిద్దానని తర్వాత తెలిస్తే ఆ మాట కింద వరసగా చుక్కలు పెట్టేది. ముందున్నదే సరైనది, అలాగే ఉంచమని అర్థం. నా బాల్యం మొత్తంలో ఆ చుక్కలు నాలుగుసార్లు చూసి ఉంటాను.

మూడేళ్ళ కిందట ఒక ఉదయం పక్షవాతం వచ్చి ఆవిడ కుడి చెయ్యి, కుడి కాలు పనిచేయడం మానేశాయి. మాట మాత్రం పోలేదు. ఇలాంటివాళ్ళలో చాలామందికి మాట పోతుందని, పోకపోవడం అదృష్టమని ఆస్పత్రిలో అందరూ అన్నారు. ఎవరి అదృష్టమో చెప్పలేదు.

నేను బజారులో కొట్టు మూసేసి, బల్ల తెచ్చి మా ముందుగదిలో వేసుకున్నాను. గోడమీద పద్నాలుగు గడియారాలు, బల్లమీద సన్న పట్టకార్లు, కంటికి బిగించుకునే అద్దం, ఇంట్లో అక్క. ఉదయం ఐదున్నరకు నా పని మొదలవుతుంది. ముందు ఆవిణ్ణి పక్కకు తిప్పాలి, కాళ్ళు మంచం మీంచి దించాలి, చంకల కింద చేతులు పెట్టి లేపాలి, తిప్పి కుర్చీలో దించాలి. మళ్ళీ కుర్చీలోంచి స్నానం పీట మీదికి, పీట మీంచి మళ్ళీ కుర్చీలోకి. బట్టలు తొడిగేటప్పుడు పనిచేయని చెయ్యి ముందు, పనిచేసే చెయ్యి తర్వాత. ఇది తెలియక మొదటి వారం మేమిద్దరం ఒకే చొక్కాలో ఇరుక్కున్నంత పని అయింది. ఆ తర్వాత ఎనిమిది గుండీలు, ఒక జడ. గడియారంలో వెంట్రుకంత స్ప్రింగును సరిచేసే చేతికి జడ ఒక లెక్కా అనుకున్నాను. లెక్కే. పాయలు సమానంగా రావాలి, బిగువుగా ఉండాలి, కానీ లాగకూడదు. లాగితే పద్నాలుగు గడియారాలూ ఒకేసారి మోగినట్టు అరుస్తుంది.

పదిన్నరకల్లా అక్క కిటికీ పక్కన కుర్చీలో, ఇస్త్రీ బట్టల్లో, కుడిచేతి మీద శాలువా కప్పుకుని, ఎడమచేత్తో ఎర్ర పెన్సిలు పట్టుకుని కూర్చుంటుంది. అప్పుడు చూస్తే మా ఇంటిని తనిఖీ చేయడానికి వచ్చిన పెద్ద అధికారి అనుకుంటారు. అంతకుముందు మాత్రం ఆవిణ్ణి ఎవరూ చూడడానికి వీల్లేదు. వీధి తలుపుమీద ఒక అట్ట కూడా వేలాడదీయించింది: "పదిన్నర తరువాత రండి." కారణం అడిగితే ఒకటే మాట.

"దిద్దని ప్రూఫు ప్రెస్సు గుమ్మం దాటకూడదురా."

డాక్టరు చెప్పింది నాలుగు రోజులు దాచాను. ఐదో రోజు ఆవిడ కుర్చీకి తగిలించిన నా చొక్కా జేబులో మందులచీటీ ఆవిడకు దొరికింది. ముందు చీటీలో తప్పు దిద్ది, తర్వాత నన్ను పిలిచింది.

"ఎప్పట్నుంచి నొప్పి?"

"ఆర్నెల్ల నుంచి."

"ఆర్నెల్లు నోరు మూసుకుని నన్ను ఎత్తుతున్నావా? బుద్ధుందా నీకు?" అంది. "అలమారులో రెండో అర. నల్ల అట్ట పుస్తకం తీసుకురా. ఎనభై మూడో పేజీ, పైనుంచి మూడో పేరా. పైకి చదువు."

అది మా రాజ్యాంగం. చదివాను. "ఇంటియందు అశక్తులైన తమవారిని చూసుకొను కుటుంబ సభ్యులకు రాజ్యము తోడ్పడవలెను. వారు అలసిన యెడల, లేక అనారోగ్యము పాలైన యెడల, వారికి బదులు మనిషిని సమకూర్చవలెను."

"నిజంగానే ఉందే!"

"ఉండకేం. ఆ సవరణ ప్రూఫు చూసింది నేనే. ఇరవై రెండేళ్ళయింది. అప్పుడే అనుకున్నా, పాపం ఎవరికో పనికొస్తుందని."

మర్నాడే నేను కుటుంబ సంరక్షకుల విభాగానికి వెళ్ళి నాలుగు పేజీల దరఖాస్తు తెచ్చాను. అక్క నాచేత దాన్ని రెండుసార్లు నింపించింది. మొదటిది నా దస్తూరీ బాగా లేదని చింపేసింది. వారం తిరగ్గానే ఉత్తరం వచ్చింది. విచారణాధికారి మంగళవారం పదకొండు గంటలకు మా ఇంటికి వచ్చి అన్నీ కళ్ళారా చూస్తారట.

పదకొండు గంటలకు అన్న మాట చదివి నేను చాలా సంతోషించాను. పదిన్నర దాటాకే కదా, అక్క గొడవ చెయ్యదని. నా అంత తెలివైనవాడు ఈ వీధిలో లేడు.

అధికారి ముప్పై దాటినవాడు. సన్నగా ఉన్నాడు. ఎండా వానా ఏమీ లేకపోయినా చేతిలో గొడుగు. కుర్చీలో కూర్చున్నా దాన్ని కింద పెట్టలేదు, ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్క ఆయన్ని కిందినుంచి పైకి ఒకసారి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. మొదటి అచ్చుకాగితం చేతికి రాగానే చూసే చూపు.

"సార్, మీరు దరఖాస్తుదారు కాబట్టి మాట్లాడకూడదు," అన్నాడు నాతో. "మాట్లాడితే ఆవిడ చేత చెప్పించినట్టవుతుంది. నిబంధన." తర్వాత అక్కవైపు తిరిగాడు. "అమ్మా, మీ ఆస్పత్రి కాగితం మూడేళ్ళ కిందటిది. ఇప్పుడెలా ఉన్నారో చూసి రాయాలి. కొన్ని ప్రశ్నలు అడుగుతాను. జుట్టు దువ్వుకోగలరా?"

అక్క జడ మీద ఎండ పడి మెరుస్తోంది. ఆ ఉదయం పాయలు నాకు చాలా బాగా కుదిరాయి.

"కనపడుతోందిగా," అంది అక్క.

ఆయన రాసుకున్నాడు. "బట్టలు వేసుకోగలరా?"

"వేసుకోకుండా కూర్చున్నానా నాయనా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గబగబా రాసేసుకున్నాడు. "నడవగలరా?"

"ఎక్కడికి వెళ్ళాలి?"

ఆయన 'అవసరం మేరకు' అని రాసుకోవడం నాకు కనిపించింది. నేను ఆయన వెనక నిలబడి అక్కకు రెండు చేతులతో సైగలు చేస్తున్నాను. నీ చెయ్యి చూపించు, శాలువా తియ్యి, నిజం చెప్పు. ఆవిడ నన్ను గోడగడియారాన్ని చూసినట్టు చూసి తల తిప్పుకుంది.

"చదవడం, రాయడం?"

"మీ కాగితం ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. పాపం, ఆయనకేం తెలుసు? రెండు నిమిషాల్లో మూడు పేజీల మీద ఏడు ఎర్ర గుర్తులు పడ్డాయి. ఆయన వాటిని వంగి చూసి, "అవునండీ, ఇది ఎవరూ గమనించలేదు," అన్నాడు భక్తిగా. ఆ వంగడంలో గొడుగు జారి కింద పడింది. ఇంట్లోకి వచ్చిన మనిషి వస్తువు కదా అని నేను తీయబోయాను. వంగానో లేదో గజ్జల్లో కత్తి దింపినట్టయింది. గోడ పట్టుకుని నిలబడిపోయాను. ఒళ్ళంతా చెమట.

"కూర్చో!" అంది అక్క. "ఆ స్టూలు మీద. కాళ్ళు దగ్గరికి పెట్టుకో. మాత్ర వేసుకున్నావా? వేసుకోలేదు, నాకు తెలుసు. నీళ్ళు తాగు. అన్నీ కాదు, సగం."

నేను కూర్చున్నాను, సగం తాగాను. అధికారి నన్నూ అక్కనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత చాలాసేపు ఏదో రాశాడు. వెళ్ళేటప్పుడు అక్కకు నమస్కారం పెట్టి, "మీలాంటివాళ్ళు అరుదమ్మా," అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు.

పది రోజులకు పెద్ద కవరు వచ్చింది. అందులో రెండు కాగితాలు. మొదటిది తీర్పు. "విచారణలో తేలినది ఏమనగా, సదరు ఇంటియందు అక్కగారు అనారోగ్యంతో ఉన్న తమ్ముని చూసుకొనుచున్నారు. అక్కగారు సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నందున బదులు మనిషి అవసరము లేదు." రెండోది ప్రశంసాపత్రం. దళసరి కాగితం, చుట్టూ బంగారు రంగు అంచు. "చూసుకొనువారు: అక్క. చూసుకోబడువారు: తమ్ముడు. ఇట్టి సేవకు రాజ్యము కృతజ్ఞతలు తెలుపుచున్నది."

అక్క ప్రశంసాపత్రం అందుకుని, రెండు అక్షరదోషాలు దిద్దింది. "ఇంకో తప్పుంది. తర్వాత చూస్తా," అని దిండు కింద పెట్టుకుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంకో తప్పా? మొత్తం తప్పే! వేసుకోకుండా కూర్చున్నానా అట! ఎవరు వేశారు? లేదు అని ఒక్కమాట చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"ఎవడో పరాయివాడు వచ్చి జుట్టు దువ్వుకోగలవా అని అడిగితే, లేదు అని నేనెలా చెప్పను?"

"నీ పరువు కోసం నా పేగు తెగిపోవాలా?"

ఈ మాట అన్న తర్వాత మా ఇంట్లో గడియారాలు తప్ప ఎవరూ మాట్లాడలేదు. రెండు రోజులు. అక్క చెయ్యి ఎత్తమంటే ఎత్తింది, తల వంచమంటే వంచింది. జడ లాగినా అరవలేదు. అరవకపోవడమే నాకు భరించడం కష్టమైంది.

మూడో రోజు ఉదయం ఆరు దాటింది. పీట మీంచి ఆవిణ్ణి లేపుతుండగా నా ఒంట్లో ఏదో తెగినట్టయింది. మోకాళ్ళు వంగిపోయాయి. పడేటప్పుడు ఆవిడ కింద పడకుండా నేను కింద పడ్డాను. నేను నేల మీద, అక్క నా మీద, మా ఇద్దరి మీదా తడి తువ్వాలు.

"దెబ్బ తగిలిందా?" అన్నాను.

"మెత్తగానే ఉంది. నీకు?"

"పైవాళ్ళని పిలుస్తానక్కా."

"వద్దు. ఇంకా జడ కూడా వెయ్యలేదు. కాసేపు ఆగు, నొప్పి తగ్గాక లేద్దాం."

ఆగాం. నొప్పి తగ్గలేదు. ఆవిడ ఎడమచేత్తో నేలను నెట్టి నా పక్కకు దొర్లింది. ఇద్దరం స్నానాలగది కప్పును చూస్తూ పడుకున్నాం. ఆవిడ నన్ను లేపలేదు, నేను ఆవిణ్ణి లేపలేను.

"ఇప్పుడు రమ్మనాలిరా ఆ గొడుగాయన్ని," అంది. "ఎవరు ఎవర్ని చూసుకుంటున్నారో వచ్చి తేల్చమనాలి."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి పెరిగింది. నొప్పికి నా మొహం ఎలా మారిందో నాకు తెలియదు, నా మొహం చూసిన అక్క మొహం మారడం మాత్రం చూశాను. మూడేళ్ళలో ఎప్పుడూ చూడని భయం. మరుక్షణం ఆవిడ గొంతెత్తింది.

"పైన ఎవరున్నారు! కిందికి రండి! మా తమ్ముడు పడిపోయాడు! ఎవరైనా రండి!"

పైవాటాలో ఉండే దర్జీ మెట్లు దూకుతూ వచ్చాడు. ఆయన మొదట నావైపు రాబోయి, అక్కను చూసి తడబడి, పెద్ద తువ్వాలు తీసి ఆవిడ మీద కప్పాడు. అక్క మొహం గోడవైపు తిప్పుకుంది. "ముందు వాణ్ణి చూడు నాయనా," అంది గోడతో.

దర్జీ నన్ను రిక్షాలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు జారినదాన్ని ఎలాగో లోపలికి నెట్టి, వారంలోగా ఆపరేషన్ బల్ల ఎక్కకపోతే ఈసారి తాను పూచీ కాదన్నాడు. ఇంటికొచ్చేసరికి దర్జీ భార్య అక్కను కుర్చీలో కూర్చోబెట్టింది. అక్క ఫోను పట్టుకుని ఉంది. అవతల ఎవరో గొంతు విని కాదు, అక్క కూర్చున్న తీరు చూసి గుర్తుపట్టాను.

"ఆరింటికి రండి," అంటోంది. "సాయంత్రం కాదు, ఉదయం... మీ ఆఫీసు పదింటికి తెరుస్తారని నాకు తెలుసు. నా అవస్థ ఐదున్నరకే తెరుచుకుంటుంది. మీరు పదకొండింటికి వచ్చి చూసింది నన్ను కాదు నాయనా, మా తమ్ముడు చేసిన పని. వాడు ఎంత బాగా చేస్తే మీకు అంత తక్కువ కనపడుతుంది... నిబంధన ఒప్పుకోదా? మీ నిబంధనల పుస్తకం మా ప్రెస్సులోనే అచ్చయింది. పదిహేడో పేజీ చివర 'అవసరమును బట్టి ఏ వేళనైనను' అని ఉంది. చూసుకోండి, నేనుంటాను."

చాలాసేపు ఉంది. అవతల పేజీలు తిరుగుతున్నట్టున్నాయి. తర్వాత, "సంతోషం. గొడుగు అక్కర్లేదు," అని ఫోను పెట్టేసింది.

మర్నాడు ఐదున్నరకు నేను అలవాటుగా ఆవిడ గదిలోకి వెళ్ళాను.

"ముట్టుకోకు," అంది. "దుప్పటి కూడా సర్దకు. వెళ్ళి నీ బల్ల దగ్గర కూర్చో. నేను పిలిచేదాకా లేవకు."

"అక్కా, కనీసం జడైనా..."

"చెప్పింది చెయ్యి."

వీధి తలుపుమీది అట్టను నేనే తీసేశాను. ఆరింటికి అధికారి గొడుగుతోనే వచ్చాడు. లోపలిగది గుమ్మంలోకి వెళ్ళి ఆగిపోయాడు. నేను కూర్చున్నచోటికి ఆయన వీపు, మంచం కొస కనిపిస్తున్నాయి. అక్క ఎలా ఉందో నాకు చూడక్కర్లేదు. జుట్టు మొహాన పడి ఉంటుంది, పెదవి కుడివైపు కాస్త జారి ఉంటుంది, కుడిచెయ్యి రాత్రి నేను ఎక్కడ పెట్టానో అక్కడే ఉంటుంది. ప్రపంచంలో నేనొక్కణ్ణే చూసిన మా అక్క అది.

"అలా నిలబడిపోకండి," అంది ఆవిడ. "లోపలికి రండి. అవే ప్రశ్నలు అడగండి. ఒక్కటీ వదలొద్దు."

"అమ్మా, అవసరం లేదండీ, నాకు అర్థమైంది..."

"మీకు అర్థమైతే చాలదు. కాగితానికి అర్థం కావాలి. అడగండి."

ఆయన కాగితం తెరిచాడు. "జుట్టు... దువ్వుకోగలరా?"

దువ్వెన చప్పుడు వినపడింది. ఎడమచెయ్యి. ఒకసారి, రెండుసార్లు, చిక్కులో తగులుకున్న చప్పుడు. తర్వాత దువ్వెన కిందపడింది. ఆయన వంగబోయాడు.

"తియ్యకండి. మీరు తీసిస్తే అది మీ చెయ్యవుతుంది. రాయండి: లేదు."

"గుండీలు?"

దీనికి ఆరు నిమిషాలు పట్టింది. గోడమీది పద్నాలుగు గడియారాలూ నేను బాగుచేసినవే, అన్నీ ఆరు నిమిషాలే చూపించాయి. గుండీ కాజాలోకి వెళ్ళలేదు. నా చేతులు వాటంతట అవే బల్లమీంచి లేస్తుంటే, వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. లోపల నా అక్క ఒక్క గుండీతో కుస్తీ పడుతుంటే ఇవతల నేను ఊరికే కూర్చోవడం, నా జన్మలో అంత కష్టమైన పని చెయ్యలేదు.

"రాయండి: లేదు," అంది.

"లేచి కూర్చోగలరా?"

"లేదు."

"మంచినీళ్ళు..."

"గ్లాసు అందేలా ఎవరైనా పెడితే అవును. ఎవరూ పెట్టకపోతే లేదు. రెండూ రాయండి."

ప్రతి ప్రశ్నకూ అదే. మొన్న ఒక్కసారి కూడా నోటికి రాని మాట ఈ ఉదయం పదహారుసార్లు చెప్పింది. చివరికి ఆయన అడిగాడు. "ఈ పనులన్నీ ఎవరు చేస్తున్నారు?"

"మా తమ్ముడు."

"రోజుకు ఎన్ని గంటలు?"

"వాడు నిద్రపోయే గంటలు అడగండి, చెప్పడం తేలిక."

"ఆయనకు బదులు మనిషి అవసరమా?"

ఇంతసేపూ చెప్పినవి తన ఒంటి గురించి, ఇది వేరు.

"అవసరం," అంది. "వాడికి అమ్మ పోయినప్పుడు ఆరేళ్ళు నాయనా. అప్పట్నుంచి నా కళ్ళముందే ఉన్నాడు. నన్ను ఎత్తీ ఎత్తీ వాడు పోతే నేను బతకలేను. మీ పుస్తకంలో తోడ్పడవలెను అని రాశారు. తోడ్పడండి."

నేను బల్లమీద తల పెట్టుకుని ఏడ్చాను. సిగ్గేం లేదు, చెప్తున్నాను.

అధికారి అక్కడే కుర్చీలో కూర్చుని రిపోర్టు అంతా రాశాడు. గొడుగు ఎప్పుడో కింద పెట్టేశాడు. రాసి, రిపోర్టునూ ఎర్ర పెన్సిలునూ కలిపి భయంభయంగా అక్క ముందు పెట్టాడు. ఆవిడ మొత్తం చదివింది. పెన్సిలు పక్కన పెట్టి, ఆయన కలం అడిగి తీసుకుని, ఎడమచేత్తో వంకరగా సంతకం చేసిచ్చింది.

"ఆ మొదటి ప్రశంసాపత్రం వెనక్కి ఇస్తే రద్దు చేస్తామండీ," అన్నాడు వెళ్తూ.

"అది నా దగ్గర ఉండనివ్వండి. కొంచెం పని మిగిలింది."

ఆయన వెళ్ళాక దర్జీ భార్య వచ్చి ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టింది. జడ మాత్రం నేనే వేశాను. జడకు డాక్టరు అభ్యంతరం చెప్పలేదు.

"రిపోర్టులో తప్పులేం లేవా అక్కా?" అన్నాను.

"నాలుగున్నాయి."

"మరి దిద్దలేదే!"

"దిద్దితే నాకు బాగైపోయిందని మళ్ళీ రాసుకుపోతాడురా, వాడి మొహం."

మూడో రోజుకు బదులు మనిషి వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, గట్టి చేతులు, మోకాళ్ళు వంచి ఎత్తడం తెలుసు. నేను ఆమెకోసం ఒక నోటుపుస్తకం నిండా సూచనలు రాశాను. అక్క అందులో తొమ్మిది తప్పులు దిద్దాక ఇచ్చింది. నేను ఆపరేషన్‌కు ఆస్పత్రిలో చేరాక, అక్క అక్కడికి రోజూ పదిన్నరకు ఫోను చేసేది. "మాత్ర వేసుకున్నావా? అబద్ధం చెప్పకు. ఇక్కడంతా బాగానే ఉంది. ఈ పిల్ల జడ మాత్రం వదులుగా వేస్తుంది. చెప్తే ఏడుస్తుందని చెప్పడం లేదు." జన్మలో మొదటిసారి మా అక్క ఒకరి తప్పు చూసి ఊరుకుంది.

ఎనిమిదో రోజు ఇంటికొచ్చాను. బరువులెత్తడానికి లేదు కాబట్టి తిన్నగా వెళ్ళి నా బల్ల దగ్గర కూర్చున్నాను. ఎదురుగా గోడమీద గడియారాల మధ్య కొత్తగా ఒకటి వేలాడుతోంది. బంగారు అంచు ప్రశంసాపత్రం. అద్దం లేదు, నాలుగు మూలలా నాలుగు మేకులు.

"చూసుకొనువారు: అక్క. చూసుకోబడువారు: తమ్ముడు." ఆ రెండు మాటల మధ్య ఎర్రగా ఒక గీత. అక్క అన్న మాట పైనుంచి మొదలై, మెలిక తిరిగి, తమ్ముడు అన్న మాట కిందికి వెళ్ళింది. ఎడమచేతి గీత, దారి పొడుగునా వణికింది. దీన్ని అక్కడికి, దాన్ని ఇక్కడికి.

కంటికి అద్దం బిగించుకున్నాను. ఏమీ కనపడలేదు. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాను. అప్పుడూ కనపడలేదు.

"ఏరా," అంది అక్క కిటికీ దగ్గర్నుంచి, వదులు జడతో. "సరిగ్గా దిద్దానా?"

నేను మెల్లగా లేచి వెళ్ళి ఆవిడ చేతిలో ఎర్ర పెన్సిలు తీసుకున్నాను. గోడ దగ్గరికి వచ్చి, ఆవిడ మార్చిన రెండు మాటల కిందా వరసగా చుక్కలు పెట్టాను.

"ఏం చేస్తున్నావురా అక్కడ?"

"చుక్కలు పెడుతున్నా."

"నేను దిద్దినదాని మీదా?" అంది. "పెన్సిలు ఇటు తే. నువ్వు పట్టుకుంటే మొన విరిగిపోతుంది."

తీసుకెళ్ళి ఇచ్చాను. చుక్కల జోలికి ఆవిడ ఇంతవరకూ రాలేదు.